ఏడో విదూషకుడు

జగ్గయ్యపేట బస్టాండులో బస్సెక్కిన దగ్గర్నించి రత్తయ్య వేళ్ళు మడుస్తూనే ఉన్నాడు. ఒకటి పాతర, రెండు మంచం కింద, మూడు రాణి, నాలుగు అన్నదమ్ములు, అయిదు రాళ్ళు. అక్కడికి ఎడమచెయ్యి అయిపోయింది. కుడిచేతి బొటనవేలు దగ్గరకొచ్చేసరికి లెక్క ఆగిపోతోంది. మళ్ళీ మొదటికి పోవటం, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగటం. ఆరోది ఏంటి. ఆరోది ఉంది, ఉందని తెలుసు, గొంతులో దిగిన చేపముల్లులాగా ఉంది, మింగుడు పడదు, బయటికి రాదు. ఇక ఏడోదాని దాకా పోనేలేదు. పదకొండింటికల్లా నందిగామ బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటల్లో గీతాంజలి అనే అమ్మాయి ముందు కూర్చుని ఏడూ చెప్పాలి. ఎప్పటిదో కోటల కాలంనాటి ఏడుగురు రాజులు, వాళ్ళ దగ్గర ఏడుగురు విదూషకులు, ఏడు చావులు. ఫోన్లో కథలు వినిపించే కంపెనీలో కథలు ఎంచేది ఆ అమ్మాయే. కథలు వింటూ కుట్టుకోవటం రత్తయ్యకి అలవాటు. ఒకరోజు కథ చివర, మీ దగ్గర కథుంటే పంపండి అని ఒక నంబరు చెప్తే, తలుపు దగ్గరకి వేసి, మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, మొదటి కథ దాంట్లోకి చెప్పేశాడు. వారానికి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. బాగుంది రత్తయ్యగారూ, ఇలాంటివి ఏడున్నాయన్నారుగా, ఏడూ ఎలా ముగుస్తాయో తెలియకుండా మావాళ్ళు ఒక్కటి కూడా తీసుకోరు, గురువారం మా ఊరు నందిగామ వస్తున్నా, పన్నెండింటికి నా బస్సు, దానికి ముందు ఒక గంట మీకే అంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, మూడో తరగతితో బడి ముగించినవాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటివాడి మాట వినటానికి ఒకరు గంట ఇచ్చారు. ఆ గంటకి ఒట్టి చేతులతో పోతున్నాడు.

ఒట్టి చేతులతో పోవాల్సింది కాదు. చీటీలుండాల్సింది. రత్తయ్యది నాటకాల డ్రెస్సుల షాపు. కిరీటాలు, గదలు, గడ్డాలు, మీసాలు, మఖమలు అంగీలు అద్దెకిస్తాడు. ఆ షాపులో ఎప్పట్నించో ఒక పద్ధతుంది. రాజు అంగీ మోచేతుల దగ్గర చిరిగితే కత్తిరించి మంత్రికి కుడతారు. మంత్రిది చిరిగితే భటుడికి. అక్కడా చిరిగితే మిగిలిన ముక్కలు తీసుకెళ్ళి జోకరు అంగీకి అతుకేస్తారు. కొత్తగుడ్డ జోకరు ఒంటిమీదికి ఎన్నడూ రాదు. అలా ఏడు అతుకులు పడ్డ అంగీ ఒకటుంది, నలుపు, ఆకుపచ్చ, వంగపండు రంగు, వీపు మీద ఎర్రటి మఖమలు. మూడేళ్ళ కిందట దాన్ని ఒళ్ళో వేసుకుని ఊడిన కుట్టు బాగుచేస్తుంటే బుర్రలో పడింది. ఒక్కో ముక్కా ఒక్కో రాజు ఒంటి మీంచి దిగింది గదా, ఒక్కో రాజు పక్కనా ఒక విదూషకుడు ఉండే ఉంటాడు గదా, వాడేమయ్యాడు. కథంతా కాగితాల మీద పెట్టేంత రాత లేదు రత్తయ్యకి. అందుకని అద్దె డ్రెస్సులకి ఊరి పేరు రాసి పిన్నీసుతో గుచ్చే చీటీలే తీసుకుని, అతుక్కొకటి గుచ్చాడు. చీటీకి మూడు మాటలు, నాలుగు మాటలు. నవ్వించాడు, పాతరలో వేశారు. రాణికి తెలుసు. తల్లి చేతిలో కూడా రాయి. అట్లా. ఒకటి మార్చాలనుకుంటే ఆ చీటీ పీకి ఇంకోటి గుచ్చటం. మూడేళ్ళు అదే పని, ఎవరికీ చెప్పలేదు. షాపులో కుట్టుపనీ ఇస్త్రీ చూసే బేబికి కూడా చెప్పలేదు, పదహారేళ్ళనించి ఎదురుగా కూర్చునే మనిషికి. నిన్న సాయంత్రం రత్తయ్య కళ్ళ డాక్టరు దగ్గరకి పోయినప్పుడు, నందిగామలో పెళ్ళి ఫంక్షన్లు చేయించే కల్యాణ్ వచ్చి, గేటు దగ్గర మనిషిని నిలబెట్టటానికి జోకరు డ్రెస్సు కావాలంటే బేబి ఆ అంగీ ఇచ్చి పంపింది. పంపే ముందు చీటీలన్నీ పీకేసింది. పాత చీటీ తియ్యకుండా డ్రెస్సు గడప దాటకూడదని రూలు. ఆ రూలు పెట్టింది రత్తయ్యే. ఒకసారి వత్సవాయి పోవాల్సిన కృష్ణుడి డ్రెస్సు పాత చీటీ వల్ల రెడ్డిగూడెం పోయి, వత్సవాయిలో కృష్ణుడు లుంగీతో పద్యాలు పాడాల్సొచ్చింది. అప్పట్నించి రూలు. పొద్దున పెట్టె తెరిచి, అంగీ ఏదని అడిగి, చీటీలేవని అడిగితే, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజెయ్యటానికి కాగితం లేకపోతే వాటితో అంటించానంది. గొంతు పెంచలేదు రత్తయ్య. "రేపట్నించి రామాకు," అన్నాడు. బేబి చేతిలో ఉన్న ధోవతి మడత పూర్తిచేసి, అంచు సరిచేసి, మిగతావాటి మీద పెట్టింది.

బస్సు నిండా ఆడవాళ్ళే. వాళ్ళకి టికెట్టు తీసేసిన దగ్గర్నించి పల్లెవెలుగులో మగాడు కూర్చోవాలంటే ఎవరో ఒకరు దయ తల్చాలి. వెనక చక్రం మీది సీట్లో ఒకావిడ జరిగి చోటిచ్చింది. పేరు లూర్దమ్మట, అడక్కుండానే చెప్పింది. ఒళ్ళో తడిగోనెలో చుట్టిన మిరపనారు. కోర్టు వాయిదానా పెద్దయ్యా అంది, నందిగామ పోయే ముసలాళ్ళు ఎక్కువ దానికేగా. కాదన్నాడు. ఆస్పత్రా అంది. కాదన్నాడు. "మరింకేం పనయ్యా?" "కథ చెప్పాలి." "ఎవరికి?" "ఒకమ్మాయికి." "ఈ వయసులో అమ్మాయిలకి కథలు చెప్తున్నావా," అని ముందు సీటుదాకా వినపడేట్టు అని, ఆవిడే పడీపడీ నవ్వింది. నవ్వటం అయ్యాక ఏం కథలని అడిగింది. జోకర్ల కథలన్నాడు. అయితే ఒకటి చెప్పు మరి, నవ్వుకుంటా పోతే దారి తరుగుద్ది అంది. రత్తయ్య కిటికీవైపు తిరిగాడు. ఇదీ గొడవ. జోకరు మాట ఎత్తితే చాలు, వినేవాడు నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంటాడు. వాడెక్కడ పడుకుంటాడు, వాడికి జొరమొస్తే ఎవరు చూస్తారు, నవ్వించలేని పూట వాడి కూట్లో ఎవరేం కలుపుతారు, ఒక్కడడగడు. మొదటివాడి సంగతి చెప్తే ఈవిడ నవ్వుతుందా. ముసలి రాజు చచ్చిపోతూ, నా పాడె ముందు ఎవరూ ఏడవకూడదు, నవ్వించాలిరా అని ఒట్టేయించుకున్నాడు. వాడు మాట నిలబెట్టుకున్నాడు. పాడె మోసేవాళ్ళు నవ్వారు, డప్పులవాళ్ళు నవ్వారు, తలకొరివి పెట్టే కొడుకు కూడా ఆపుకోలేక నవ్వాడు. నిప్పు పెట్టి వెనక్కి తిరిగాక కొడుక్కి గుర్తొచ్చింది, నాన్న శవం ముందు నన్ను నవ్వించింది వీడు గదా అని. ధాన్యం పోసే పాతరలో దింపి పైన బండ వేయించాడు. పెద్దకర్మ దాకా లోపల్నించి ఏదో వినపడుతూనే ఉందిట, ఏడుపో, నవ్వో, తెలిసేది కాదుట. ఇది చెప్పాలా ఈవిడకి, మిరపనారు ఒళ్ళో పెట్టుకున్న మనిషికి. ఎవరి ఫోన్లోనో కామెడీ ముక్కలు మోగుతున్నాయి, ఒక చెంపదెబ్బ, వెంటనే గుంపు నవ్వు, ఇంకో చెంపదెబ్బ, ఇంకో గుంపు నవ్వు. రెండు. రెండోవాడు మంచం కింద. నిద్రపట్టని రాజు. చీకట్లో ఒక్కణ్ణే ఉన్నానని భయం ఆయనకి. అందుకని విదూషకుడు మంచం కింద పడుకుని రాత్రంతా సన్నగా నవ్వుతూ ఉండాలి, ఆ చప్పుడు వింటూ రాజు నిద్రపోతాడు. పన్నెండేళ్ళు. ఒకరాత్రి చప్పుడు ఆగింది. రాజుకి అప్పటికి అలవాటైపోయింది, చప్పుడు లేకపోయినా నిద్రపట్టింది. మూడు రోజులకి గానీ మంచం కిందికి ఎవరూ వంగి చూడలేదు.

చిల్లకల్లు దగ్గర బస్సు ఆగిపోయింది. సిమెంటు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరిగి, యాక్సిల్ విరిగి కూర్చుంది. పదీ పది. డ్రైవరు ఇంజను ఆపి బీడీ అంటించటానికి దిగాడు. కండక్టరుని అడిగితే, "లారీ నాదైతే తీసేద్దును తాతా," అన్నాడు. సరిగ్గా ఈ రోజే. ఆరో ముక్క మీద నాలుగు అక్షరాలు మిగిలినా బాగుండేది. ఒక్క చీటీ, సగం కాలిన చీటీ మిగిలినా బాగుండేది. అడిగితే పోయేదిగా బేబి, బాబాయ్ ఇవేంటని ఒక్కమాట. పదహారేళ్ళలో ఆమెని ఒక్క మాట అన్నాడా. అన్నాడులే, పొద్దున. ధోవతి మడత కళ్ళ ముందుకొచ్చింది, ఆ అంచు సరిచెయ్యటం. కిటికీ అవతల పత్తిచేలో మందు కొడుతున్న వాసన, పక్కన లూర్దమ్మ గోనెలోంచి తడిమట్టి వాసన, ఆ రెండిట్లోంచీ ఎట్లా వచ్చిందో కొబ్బరినూనె వాసన వచ్చింది, రంగు కడిగే కొబ్బరినూనె. చెన్నకేశవరావుగారు. ఈ షాపు ఆయనదే ఒకప్పుడు, నాటకం ట్రూపూ ఆయనదే, ముప్పై ఎకరాల ఆసామి, రాజు వేషం ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. రత్తయ్య ఆయన పక్కన విదూషకుడు. ఆ ట్రూపులో ఒక ఆచారం ఉండేది. నాటకం అయ్యాక తెల్లారగట్ల బోరింగు దగ్గర రాజు మొహానికి నూనె రాసి రంగు తీసే పని విదూషకుడిది. తీస్తూ, ఆ నాటకంలో రాజు చేసిన తప్పులన్నీ చెప్పాలి. రంగు పూర్తిగా పోయేదాకా రాజు తిరిగి మాట్లాడకూడదు. ఎవరు పెట్టారో ఎప్పుడు పెట్టారో. మిగతా వాళ్ళందరూ దణ్ణాలు పెట్టే మనిషి, ముక్కు మీద నూనె కారుతుంటే కళ్ళు మూసుకుని, రత్తయ్య చెప్పేది వినేవాడు. ఏవండీ, పద్యం ఎత్తుకున్నారు గానీ దించలేకపోయారండి. ఏవండీ, రాణి ఏడుస్తుంటే మీరు జనంలోకి చూస్తున్నారండి. అప్పట్లో ఎంత మాట్లాడేవాడు రత్తయ్య. నోరు కాదది, ఊట. పెనుగంచిప్రోలు తిరునాళ్ళ నాటకం అయ్యాక, ఒక చెంప కడిగి రెండో చెంప దగ్గరకి వచ్చి, బాబుగారూ, ఇంక రాజు వేషం కట్టకండి అన్నాడు. జనం చప్పట్లు మీ పద్యానికి కాదండి, ఆయాసపడుతూ కూడా పాడుతున్నారని జాలికండి అన్నాడు. ఆయన రెండో చెంప కడిగేదాకా ఆగాడు. తుడుచుకున్నాడు. "నిజమేరా రత్తా," అన్నాడు. అంతే, మళ్ళీ మొహానికి రంగు తాకలేదు. ఆర్నెల్లకి షాపు తాళాలు రత్తయ్య చేతిలో పెట్టాడు. వీపు మీది ఎర్ర మఖమలు ఆయనదే. పద్దెనిమిదేళ్ళు ఆయన వేసుకున్న అంగీ. ఏడో ముక్క.

లారీని పక్కకి తోశారు. బస్సు కదిలింది. పదీ ఇరవై ఎనిమిది. మూడు, రాణి. నవ్వని రాణి. పొత్తిళ్ళలో బిడ్డ పోయిన దగ్గర్నించి నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు విదూషకులొచ్చి పోయారు. వీడు కొత్తగా వచ్చి, ఏదో ఒకటి ఆడాలి గదా అని, పాలల్లో విషం కలిపే దొంగదాది ఆట ఆడాడు. అది వాడు కల్పించిందే, వాడికేం తెలియదు. రాణి నవ్వటం మొదలుపెట్టింది. ఆపలేదు. రాజు వైపు వేలు చూపిస్తూ నవ్వుతూనే ఉంది. ఆ సాయంత్రం వాడికి బంగారు కడియం తొడిగారు, కడియంతో సహా గోడలో పెట్టి కట్టేశారు. నాలుగు, అన్నదమ్ములు. ఎదురెదురు కోటల్లో ఇద్దరు విదూషకులు, ఒకే తల్లి బిడ్డలని ఎవరికీ తెలియదు. తమ్ముడి కోట పడిపోయింది. గెలిచిన రాజు, మా విదూషకుణ్ణి నవ్విస్తే వదిలేస్తానన్నాడు. తమ్ముడు చిన్నప్పుడు అమ్మ చెప్పిన ఎలుకల కథ చెప్పాడు. అది వింటే అన్న ఆగలేడు, ఎన్నడూ ఆగలేదు. నవ్వాడా, ఇద్దరూ ఒకచోటి వాళ్ళేనని తెలిసిపోతుంది, ఇద్దరి తలలూ పోతాయి. అన్న నవ్వలేదు. ఆ కథ దగ్గర రత్తయ్యకే దవడలు బిగుసుకుంటాయి. అయిదు, కరువులో పన్ను. భటులు పోతే జనం తిరగబడతారని పాటలు కట్టి విదూషకుణ్ణి పంపిస్తారు, జనం నవ్వుతూ గింజలు కొలుస్తారు, గాదెలు ఖాళీ అయ్యాక రాజు మీదికి పోలేరుగా, వాడి మీద పడతారు, వాడి సొంత ఊళ్ళోనే. తల్లి చేతిలో కూడా రాయి. గౌరవరం వచ్చింది, పోయింది. ఆరు. ఆరు. వంగపండు రంగు ముక్క, ఎడమ చెయ్యికి వేసింది. చీటీ కనపడుతోంది, దాని మీద గీతలు కనపడుతున్నాయి, మాటలు కనపడటం లేదు. అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు, వాటివల్ల అన్నట్టు. ఫోన్లో మళ్ళీ గుంపు నవ్వు. ఆ ఫోను లాక్కుని కిటికీలోంచి పారెయ్యాలనిపించింది. కొణకంచి అడ్డరోడ్డు దగ్గర ఎక్కినవాళ్ళ తోపులాటలో ఒక పిల్ల తల్లిచెయ్యి వదిలేసి, ఎటు చూసినా చీరలే అయ్యేసరికి బెదిరిపోయి, అమ్మా అని అరిచింది. బస్సులో పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారే వెనక్కి తిరిగారు. తమ బిడ్డ కాదు అని తెలిసేలోపే, తెలియకుండానే తిరిగారు, లూర్దమ్మ కూడా. రత్తయ్య కుడిచేతి బొటనవేలు దానంతటదే మడత పడింది. ఆరు, ఆడది. విదూషకుడు జొరమొచ్చి పోతే, కూటికి గతిలేక పెళ్ళాం వాడి మొహంలాగా రంగు పూసుకుని, వాడి అంగీ తొడుక్కుని కొలువుకి పోయింది. తొమ్మిదేళ్ళు ఎవరూ కనుక్కోలేదు. జోకరు మొహంలోకి ఎవరు చూస్తారు. తొమ్మిదో ఏట, ఇక నీ పిల్లని తెచ్చి నేర్పించు అన్నాడు రాజు. తెచ్చింది. నిండు సభలో పిల్ల జడుసుకుని అమ్మా అంది. ఆమె తిరగకుండా ఉండాల్సింది. తిరిగింది.

వచ్చింది గదా ఆరోది, గుండె కాస్త కుదుటపడాలి. పడలేదు. పదీ నలభై రెండు, నవాబుపేట, ఇంకో పావుగంటలో ఊరు. ఏడు. ఎర్ర మఖమలు. చీటీ వీపు మీద నడిమధ్యన, పిన్నీసు కొంచెం తుప్పు పట్టింది, అది కూడా గుర్తుంది. ఏం రాశాడు. ఏదో గొప్ప మాట రాసి ఉంటాడు, అన్నిటికంటే గొప్పది, అందుకే రావటం లేదు. దాన్ని తగలబెట్టింది. మూడేళ్ళ ఆలోచనతో నాలుగు బొగ్గులు రాజేసుకుంది. ఎంత చేసినా రాక, ఆఖరికి ఫోను తీసి బేబికి చేశాడు. షాపులోనే ఉంది, వెనక ఇస్త్రీపెట్టె బల్ల మీద ఆన్చిన చప్పుడు వినపడింది. ఎర్ర ముక్క మీది చీటీలో ఏం రాసుందని అడిగాడు. "ఏం లేదు బాబాయ్," అంది. "ఏడని అంకె వేసుంది. మిగతా చీటీ ఖాళీ." రత్తయ్య ఆమె చెప్తున్నది అబద్ధం కావాలని ఒక్క క్షణం గట్టిగా కోరుకున్నాడు. కాదు. ఖాళీయే. చెన్నకేశవరావుగారి మఖమలు మీద ఎవరి చావు రాయాలో తెలియక, ఇవాళ కాదు రేపు, ఈ నెల కాదు వచ్చే నెల అని వాయిదా వేస్తూ పోయిన చీటీ అది. మూడేళ్ళూ ఖాళీయే. ఎవరూ పోగొట్టలేదు, అసలు లేనేలేదు. అయినా కోపం ఒక్కసారి లేచాక కూర్చోదుగా. "తీసేముందు నన్నొక్కమాట అడగొద్దా?" అన్నాడు. బేబి మెల్లిగా, కోపం లేకుండా, ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది. "మిమ్మల్ని అడగటం మానేసి చాన్నాళ్ళయింది బాబాయ్. అడిగితే మీరు మొహం చూసి ఊరుకుంటారు. రూలు ఎట్లా ఉంటే అట్లా చేసుకుపోతే గొడవుండదు." రేపు రా అనాలి. రెండే మాటలు. నోటిదాకా వచ్చి నిలబడ్డాయి. "ఇస్త్రీ అయిందా," అన్నాడు. అయిందంది. పెట్టేశాడు. పెట్టేశాక ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. ఏమయింది నీ నోటికి రత్తయ్యా. ఊరందరూ దణ్ణం పెట్టే మనిషికి, నువ్వు పాడలేవయ్యా అని చెప్పిన నోరు. తాళాలు చేతికొచ్చిన కొత్తలో షాపులో ముగ్గురుండేవాళ్ళు, అతుకు సరిగ్గా లేదు మామా అనేవాళ్ళు, రేటు ఎక్కువ చెప్తున్నావు అనేవాళ్ళు. ఒక్కొక్కరే ఎప్పుడు మానేశారు, ముందు మాట మానేశారా, మనుషులే మానేశారా. లూర్దమ్మ ఏదో అడిగింది. వినలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

అంబారుపేట దాటి నందిగామలో దిగేసరికి పదకొండుకి అయిదు నిమిషాలు. శ్రావణం పెళ్ళిళ్ళ రోజులు, రోడ్డు పక్క కల్యాణమండపం దగ్గర కార్లు. గేటు దగ్గర ఆ అంగీ ఉంది, లోపల ఎవరో బక్కమనిషి, వచ్చిన వాళ్ళందరి మీదా పన్నీరు చల్లుతూ వంగుతున్నాడు, చెమటకి మొహం మీది సున్నం కారుతోంది. రోడ్డుకి ఇవతల నిలబడి చూశాడు రత్తయ్య. పొద్దున బయల్దేరేటప్పుడు అనుకున్నాడు, అంగీ ఒకసారి చేతిలోకి తీసుకుంటే కథలు వాటంతటవే వస్తాయని. ఇప్పుడు తీసుకుని ఏంచేస్తాడు. వీపు అటు తిరిగినప్పుడు ఎర్రముక్క ఎండలో మెరిసింది. హోటల్‌వైపు నడిచాడు.

గీతాంజలి ముప్పై ఏళ్ళ పిల్ల. మెడలో ఇయర్‌ఫోన్లు, పక్కన ప్రయాణం సంచి, ముందు నోటుబుక్కు. వడ తెప్పించింది. రత్తయ్య ముట్టుకోలేదు. టీ రెండు గుక్కలు తాగి మొదలుపెట్టాడు. ఒకటి నించి ఆరు దాకా చెప్పాడు. ఎంతసేపు చెప్పాడో తెలియదు. నాలుగో కథ దగ్గర ఆ అమ్మాయి వడ తుంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆరోది అయ్యాక కాసేపు కిటికీవైపు చూసింది. తర్వాత గొంతు సవరించుకుని, పనిమీద ఉన్న మనిషిలాగా అయింది. "చాలా బాగున్నాయి రత్తయ్యగారూ. కానీ ఆరుగురూ చచ్చిపోయారు. ఏడోవాడు కూడా చస్తే మావాళ్ళు తీసుకోరు. జనం వంట చేసుకుంటూ, బస్సుల్లో పోతూ వింటారండి. చివర్లో ఒక్కడన్నా గెలవాలి." గెలవటం అంటే ఏంటమ్మా అన్నాడు. "రాజవ్వాలి. విదూషకుడే సింహాసనం ఎక్కాలి. అలా అయితే నేను ఒప్పిస్తా. ఏడూ చేద్దాం. లేదంటే కష్టమండి."

లేచిపోదామనుకున్నాడు. లేచి, ఎదురుగా జగ్గయ్యపేట బస్సు కనపడుతోంది, ఎక్కేసి పోదామనుకున్నాడు. మూడేళ్ళు, ఒక్కో మాటా పిన్నీసుతో గుచ్చుకుంటూ కట్టింది, చివర్లో తీపి పెట్టమంటోంది, పెళ్ళి గేటు దగ్గర పన్నీరులాగా. ఎక్కించమంటే ఎక్కించటానికి అదేమన్నా బస్సా. ఎక్కుతాడు, ఎక్కితే ఏమవుతాడు. చల్లారిన టీ మీద మీగడ కట్టింది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎక్కనీ. రాజుకి వారసుడు లేడు, మంత్రులు కొట్టుకు చస్తున్నారు, ఎవరి మనిషీ కాదులే అని మధ్యలో వీణ్ణి కూర్చోబెట్టారు. కూర్చోనీ. ఎర్ర మఖమలు వేశారు. కిరీటం పెట్టారు. నిన్నటిదాకా వీడి డొక్కలో తన్నిన భటుడు వచ్చి దణ్ణం పెట్టాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. తెల్లారింది. మొహం కడుక్కోవటానికి కూర్చున్నాడు. నూనె గిన్నె పట్టుకుని ఎవరో వచ్చి, తల వంచుకుని, మొహం కడిగి, తుడిచి, ఒక్క మాట మాట్లాడకుండా పోయారు. రత్తయ్య టీ గ్లాసు పక్కకి జరిపాడు. వంట చేసుకుంటూ వినేవాళ్ళు, బస్సుల్లో వినేవాళ్ళు, వాళ్ళు అనుకోనీ గెలిచాడని. ఈ పిల్ల కూడా అనుకోనీ. పాతర నయం. గోడ నయం. రాళ్ళు నయం, కొట్టేవాడన్నా వీడి మొహం వంక చూసి కొడతాడు. "సరేనమ్మా," అన్నాడు. "రాజవుతాడు."

గీతాంజలి మొహం విప్పారింది. "చావడుగా?"

"చావడు. బతుకుతాడు. చానా ఏళ్ళు బతుకుతాడు."

రాసుకుంది. రాసుకుంటూ, సింహాసనం ఎక్కిన మొదటిరోజు ఏం చేస్తాడో చెప్పండి, దాంతో ముగిద్దాం అంది. అవతల హైదరాబాదు బస్సు ఫ్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడింది, కండక్టరు కేకలేస్తున్నాడు.

"నిండుకొలువు. అలవాటు కొద్దీ ఒక జోకు ఎత్తుకుంటాడమ్మా. కొత్తది, మంచిది, రాత్రంతా కూర్చుని కట్టుకున్నది. సభంతా ఒక్కసారే నవ్వుద్ది."

"బాగుంది," అని రాస్తోంది ఆ అమ్మాయి.

"వాడు ఇంకా సగమే చెప్పాడమ్మా."

పెన్ను ఆగింది. బయట కండక్టరు రెండోసారి కేకేశాడు. ఆ అమ్మాయి సంచి మీద చెయ్యి వేసింది గానీ లేవలేదు. మెల్లిగా అడిగింది.

"మిగతా సగం ఏంటండీ?"

"ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు రత్తయ్య.